ఒక మాడ్యూల్‌కు ఒకే దారి

పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో ఒక కోడ్ భాగం మరొక కోడ్ భాగాన్ని పిలుచుకొనే దారులు ఏకరూపంగా ఎందుకు ఉండాలి, ఆ ఏకరూపతను కాపాడే పనిని మనుషుల జ్ఞాపకశక్తికి వదలకుండా లింటర్ అనే తనిఖీ సాధనానికి ఎలా అప్పగించాలి అన్నది నేటి ప్రసంగ విషయం. పైపైన చూసేవారికి ఇది కోడ్ అందచందాలకు సంబంధించిన చిన్న సంగతిగా తోస్తుంది. లోతుకు వెళ్లి పరిశీలిస్తే, కొన్ని సందర్భాలలో ప్రోగ్రామ్ సరిగా నడవడమా, మధ్యలో ఆగిపోవడమా అన్నది కూడా దీనిమీదే ఆధారపడి ఉంటుందని తేలుతుంది.

ముందుగా పరిభాష తెలుసుకోవడం అవసరం. బస్సు టికెట్ల రిజర్వేషన్ కోసం రాసిన ఒక సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుంటే, అందులో సీట్ల వివరాలు చూసే కోడ్ ఒక ఫైలులో, డబ్బు చెల్లింపులు చూసే కోడ్ మరొక ఫైలులో, ప్రయాణికుల ఖాతాలు చూసే కోడ్ ఇంకొక ఫైలులో ఉంటాయి. ఇలా ఒక పనికి సంబంధించిన కోడ్‌ను ఒకచోట చేర్చిన ఫైలును మాడ్యూల్ అంటారు. అటువంటి మాడ్యూళ్లను కొన్నింటిని ఒక ఫోల్డర్‌లో ఉంచితే దానిని పైథాన్ భాషలో ప్యాకేజీ అంటారు. టికెట్‌ను రద్దు చేసే మాడ్యూల్‌కు, ప్రయాణికుడికి ఎంత సొమ్ము తిరిగి ఇవ్వాలో లెక్కగట్టే మాడ్యూల్ సాయం కావాలి. ఆ సాయం కోరుతూ సాధారణంగా ఫైలు పైభాగాన రాసే వాక్యమే ఇంపోర్ట్; ఆ వాక్యంలో, కావలసిన మాడ్యూల్ ఎక్కడ ఉందో చెప్పే భాగమే ఇంపోర్ట్ పాత్, అంటే ఇంపోర్ట్ దారి.

ఈ దారిని ప్రధానంగా రెండు విధాలుగా చెప్పవచ్చు. ప్రాజెక్టు మొదలు నుంచి ప్రతి మెట్టునూ పేర్కొంటూ, రిజర్వేషన్ చుక్క చెల్లింపులు చుక్క వాపసు అని పూర్తి పేరు రాయడం ఒక పద్ధతి; దీనిని సంపూర్ణ దారి అనవచ్చు. ఇంపోర్ట్ వాక్యం ఉన్న ఫైలునే ఆధారంగా చేసుకొని, ఇక్కడి నుంచి ఒక మెట్టు పైకి వెళ్లి, అక్కడి చెల్లింపుల ఫోల్డర్‌లోకి దిగి, వాపసు అనే మాడ్యూల్‌ను తెమ్మని చెప్పడం రెండవ పద్ధతి. ఇది సాపేక్ష దారి. పైథాన్‌లో ఒక చుక్క పెడితే ఉన్న ప్యాకేజీ అని, రెండు చుక్కలు పెడితే దానికి పై ప్యాకేజీ అని అర్థం. జావాస్క్రిప్ట్‌లోనూ ఇదే తరహా చుక్కలు ఉంటాయి గాని, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏటవాలు గీత వస్తుంది. వీటికి తోడు, ఒక ఫోల్డర్‌కు పొట్టి గుర్తు ఒకటి ఏర్పరచుకొని దానితో దారిని మొదలుపెట్టే మూడవ పద్ధతి కూడా జావాస్క్రిప్ట్, దాని విస్తృత రూపమైన టైప్‌స్క్రిప్ట్ ప్రపంచంలో వాడుకలో ఉంది. ఆ గుర్తును ఏలియాస్, అంటే మారుపేరు అంటారు.

ఒకే గమ్యానికి ఇన్ని దారులు ఉండటం వల్ల వచ్చే చిక్కులను భాషల రూపకర్తలు చాలాకాలం క్రితమే గుర్తించారు. పైథాన్ తొలి రూపాలలో, ఒక ప్యాకేజీ లోపలి ఫైలులో ఇంపోర్ట్ స్ట్రింగ్ అని రాస్తే, భాషతో పాటు వచ్చే ప్రామాణిక మాడ్యూల్ కావాలో, అదే ఫోల్డర్‌లో ఎవరో స్ట్రింగ్ అనే పేరుతో పెట్టిన సొంత మాడ్యూల్ కావాలో ఆ వాక్యంలో ఎక్కడా తెలిసేది కాదు. పైథాన్ ముందుగా పక్కనున్న ఫైలునే అందుకొనేది. ఈ సందిగ్ధతను తొలగించేందుకు 2003 డిసెంబరులో పెప్ 328 అనే ప్రతిపాదన వచ్చింది. చుక్కలు లేకుండా రాసిన దారిని సంపూర్ణ దారిగానే చూడాలని, సాపేక్ష దారి కావాలనుకొన్నవారు ఆ సంగతిని చుక్కలు పెట్టి బాహాటంగా చెప్పాలని దాని సారాంశం. 2006లో వెలువడిన పైథాన్ 2.5 చుక్కల పద్ధతిని ప్రవేశపెట్టగా, 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 పాత సందిగ్ధ పద్ధతిని పూర్తిగా తొలగించింది. జావాస్క్రిప్ట్ చరిత్ర వేరు. 1995లో పుట్టిన ఆ భాషకు చాలాకాలం సొంత మాడ్యూల్ పద్ధతి అంటూ లేదు. 2009లో కామన్ జేఎస్ అనే ఒప్పందం రూపుదిద్దుకొని, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ ద్వారా వ్యాపించింది, 2015 నాటి ప్రమాణంలో గాని ఇంపోర్ట్ వాక్యం భాషలో భాగం కాలేదు. అంటే, కోడ్ రాసేవారి అలవాట్లు ముందు స్థిరపడి, భాష నియమం తరువాత వచ్చింది. అందువల్లనే ఈనాటికీ ఒకే ప్రాజెక్టులో రకరకాల దారులు కలగాపులగంగా కనిపిస్తుంటాయి.

ఈ కలగాపులగం వల్ల కలిగే నష్టాన్ని దగ్గర నుంచి చూడాలంటే పైథాన్ లోపలి పనితీరును కాస్త పరిశీలించాలి. మాడ్యూళ్ల కోసం ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా ఒకటి పైథాన్ వద్ద ఉంటుంది. అప్పటికే తెచ్చి ఉంచుకొన్న మాడ్యూళ్ల పట్టిక మరొకటి ఉంటుంది. ఇంపోర్ట్ వాక్యం ఎదురైనప్పుడు పైథాన్ మొదట ఈ పట్టికను చూస్తుంది. అందులో ఆ పేరు ఉంటే ఫైలును మళ్లీ తెరవకుండా ఉన్నదానినే ఇస్తుంది, లేకపోతేనే వెతికి తెచ్చి ఆ పేరుతో నమోదు చేసుకొంటుంది. ఇక్కడ గమనించవలసిన కీలకమైన సంగతి ఏమిటంటే, పట్టికలో నమోదయ్యేది మాడ్యూల్ పేరే గాని డిస్కుమీద ఆ ఫైలు ఉన్న చోటు కాదు. రిజర్వేషన్ ఫోల్డరూ, దానికి పైనున్న ఫోల్డరూ రెండూ వెతికే జాబితాలో చేరినప్పుడు, ఒక ప్రోగ్రామర్ రిజర్వేషన్ చుక్క చెల్లింపులు అని, మరొకరు ఊరికే చెల్లింపులు అని రాసినా ఇద్దరి ఇంపోర్టులూ పనిచేస్తాయి. అయితే పైథాన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు కాబట్టి, అదే ఫైలును రెండుసార్లు చదివి రెండు వేర్వేరు మాడ్యూళ్లుగా నిలుపుకొంటుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరుతో సహా, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు లేకుండా నమోదైన రైతును రెండు కార్యాలయాలూ ఇద్దరు మనుషులుగా లెక్కించినట్లే ఇదీ జరుగుతుంది.

దాని పర్యవసానం తీవ్రంగానే ఉంటుంది. బ్యాంకు సర్వర్ జవాబివ్వనప్పుడు చెల్లింపుల మాడ్యూల్ ఒక దోషాన్ని ప్రకటిస్తుందని, టికెట్ రద్దు మాడ్యూల్ ఆ దోషాన్ని పట్టుకొని ప్రయాణికుడికి తగిన సందేశం చూపుతుందని అనుకొంటే, ప్రకటించినవారు పూర్తి పేరుతో, పట్టుకొనేవారు పొట్టి పేరుతో ఇంపోర్ట్ చేసుకొన్న పక్షంలో ఆ రెండు దోషాలూ ఒకే ఫైలులోని ఒకే నిర్వచనం నుంచి పుట్టినా, పైథాన్ వాటిని ఒకటిగా గుర్తించదు. దోషం పట్టుబడకుండా జారిపోయి, ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంది. కారణం వెతికే ప్రోగ్రామర్‌కు, ఆ దోషాన్ని పట్టుకొనే వాక్యం కళ్లెదుటే కనిపిస్తుంది. తేడా అంతా దోష సందేశంలో పేరుకు ముందు వచ్చే ఒక్క మాటలో దాగి ఉంటుంది. అదే విధంగా, మాడ్యూల్‌లో ఒక లెక్కింపునో, తాత్కాలిక నిల్వనో ఉంచుకొంటే అదీ రెండు ప్రతులుగా చీలిపోయి, ఒకదానిలో రాసినది రెండవదానిలో కనిపించకుండా పోతుంది. సాపేక్ష దారి కూడా ఈ చీలికకు అడ్డు కాదు. అది తాను ఉన్న మాడ్యూల్ ఏ పేరుతో నమోదైందో ఆ పేరును బట్టే విడివడుతుంది కాబట్టి, మొదట దొర్లిన పొట్టి పేరు దాని వెంట మిగిలిన మాడ్యూళ్లకూ పాకుతుంది.

ఇది పుస్తకాలకే పరిమితమైన ఊహ కాదు. పైథాన్‌లో వెబ్‌సైట్ల నిర్మాణానికి విస్తారంగా వాడే జాంగో అనే చట్రంలో, ప్రాజెక్టును నడిపే మేనేజ్ అనే ఫైలు చాలాకాలం పాటు ఇంపోర్ట్ దారులను నిర్వహించిన తీరు సరిగ్గా ఇటువంటి రెండేసి ఇంపోర్టులకు దారి తీసింది. అభివృద్ధి చేసే కంప్యూటర్‌లో నడిచిన పొట్టి దారి అసలు సర్వర్‌మీదికి వెళ్లేసరికి పనిచేయని సందర్భాలూ ఏర్పడ్డాయి. 2012 మార్చిలో వెలువడిన జాంగో 1.4 ఈ చిక్కును తొలగించేందుకే ప్రాజెక్టు ఫోల్డర్ల అమరికను, ఆ మేనేజ్ ఫైలును మార్చింది.

జావాస్క్రిప్ట్‌లో నష్టం వేరే రూపం తాళుస్తుంది. లోతైన ఫోల్డర్లలో ఉన్న ఫైలు నుంచి పై మాడ్యూల్‌ను పిలవాలంటే, రెండు చుక్కలు ఒక గీత, మళ్లీ రెండు చుక్కలు ఒక గీత అంటూ నాలుగైదు మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఆ దారిని చదివినవారికి గమ్యం ఎక్కడుందో తెలియాలంటే తాము చదువుతున్న ఫైలు ఎక్కడుందో ముందుగా గుర్తుండాలి. ఫైలును మరో ఫోల్డర్‌కు మార్చితే దానిలోని ఇటువంటి దారులన్నీ తప్పుతాయి. ఈ బాధ తప్పించేందుకు టైప్‌స్క్రిప్ట్‌లో మారుపేర్లు ఏర్పాటు చేసుకొనే వీలుంది. అయితే ఆ కంపైలర్, అంటే రాసిన కోడ్‌ను నడిచే కోడ్‌గా మార్చే సాధనం, మారుపేరును అర్థం చేసుకొంటుందే గాని, తాను వెలువరించే జావాస్క్రిప్ట్‌లో దానిని అసలు దారిగా మార్చి రాయదు. కాబట్టి ఫైళ్లను ఒకటిగా కూర్చే సాధనానికీ, పరీక్షలు నడిపే సాధనానికీ, లింటర్‌కూ ఆ మారుపేరు విడివిడిగా తెలియజేయాలి. వాటిలో ఏ ఒక్కటి మరచినా ఒకచోట నడిచినది మరొకచోట ఆగిపోతుంది.

అక్షరాల పరిమాణం వల్ల వచ్చే తేడా మరింత సూక్ష్మమైనది. ఇంగ్లిష్ లిపిలో పెద్ద అక్షరంతో మొదలైన ఫైలు పేరునూ, చిన్న అక్షరంతో మొదలైన అదే పేరునూ విండోస్, మ్యాక్ కంప్యూటర్లు సాధారణ అమరికలో ఒకటిగానే భావిస్తాయి. లినక్స్ వాటిని వేర్వేరు ఫైళ్లుగా చూస్తుంది. ప్రోగ్రామర్ బల్లమీద నిక్షేపంగా పనిచేసిన ఇంపోర్ట్, లినక్స్‌తో నడిచే సర్వర్‌మీదికి వెళ్లగానే ఫైలు దొరకలేదంటూ మొరాయించడానికి ఇదే కారణం. ఫైలు పేర్లలోని అక్షరాలు అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్న నియమాన్ని టైప్‌స్క్రిప్ట్ 2023 మార్చిలో వచ్చిన 5.0 రూపం నుంచి, ఎవరూ అడగకుండానే అమలు చేస్తోంది.

ఇన్ని చిక్కులు తెలిసిన బృందాలు చాలావరకు, దారులు ఇలా రాయాలి అని ఒక పత్రంలో రాసుకొని, కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఆమోదించే దశలో, ఆ నియమాన్ని పాటింపజేయాలని ప్రయత్నిస్తాయి. ఆ ప్రయత్నం నిలవదు. రివ్యూ చేసే మనిషి దృష్టి పరిమితమైనది; లెక్క సరిగా ఉందా, భద్రతకు భంగం కలుగుతుందా, ఈ మార్పు అసలు అవసరమా అన్న ప్రశ్నలకు వెచ్చించవలసిన ఆ దృష్టిని చుక్కలు లెక్కపెట్టడానికి ఖర్చుచేయడం వృథా. అంతకంటే ముఖ్యంగా, ఒకే తప్పును ఒక రోజు ఎత్తిచూపి మరొక రోజు వదిలేస్తే, ఎత్తిచూపించుకొన్నవారికి అది నియమంలా కాక వ్యక్తిగతమైన విమర్శలా వినిపిస్తుంది. హైదరాబాదులో కొందరు, అమెరికాలో కొందరు కూర్చొని ఒకే కోడ్‌మీద పనిచేసే బృందాలలో, ఒక వ్యాఖ్యకు జవాబు రావడానికే పూట గడిచిపోతుంది. అటువంటి చోట ఈ నష్టం ఇంకా పెరుగుతుంది.

ఈ బాధ్యతను స్వీకరించే సాధనమే లింటర్. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో సీ భాష కోసం లింట్ అనే ప్రోగ్రామ్‌ను రూపొందించారు. కంపైలర్ అభ్యంతరపెట్టని, అయినా తప్పుకు దారితీసే అవకాశమున్న రాతలను వెతికి చూపడం దాని పని. ఆ తరువాత వచ్చిన ఇటువంటి సాధనాలన్నింటికీ దాని పేరే స్థిరపడింది. జావాస్క్రిప్ట్ కోసం నికొలస్ జాకస్ 2013లో ప్రారంభించిన ఈఎస్‌లింట్, పైథాన్ కోసం పైలింట్, ఫ్లేక్8, 2022లో వచ్చిన రఫ్ ఈ కుటుంబానికి చెందినవే. లింటర్ ప్రోగ్రామ్‌ను నడపదు. కోడ్‌ను చదివి, దాని వాక్యనిర్మాణాన్ని కొమ్మలు రెమ్మలుగా విడదీసిన ఒక వృక్షరూపాన్ని తయారుచేసుకొని, ఆ వృక్షంలో ఇంపోర్ట్ వాక్యం ఎక్కడ వచ్చిందో అక్కడల్లా దాని దారిని నియమంతో పోల్చి చూస్తుంది. నియమం తప్పితే ఫైలు పేరు, వరుస సంఖ్య, తప్పు వివరం చెబుతుంది. కొన్ని నియమాల విషయంలో తానే సరిదిద్దగలదు కూడా.

నియమాల ఎంపికలో బృందానికి తగినంత స్వేచ్ఛ ఉంది. సాపేక్ష దారులన్నింటినీ నిషేధించవచ్చు. లేదా పై ఫోల్డర్లకు ఎక్కే దారులను మాత్రమే నిషేధించి, పక్కనే ఉన్న ఫైలును ఒక్క చుక్కతో పిలుచుకోవడానికి అనుమతించవచ్చు. రఫ్‌లోని సంబంధిత నియమం ఈ రెండు ఎంపికలనూ ఇస్తుంది. ఫలానా పేరుతో మొదలయ్యే దారి రాయరాదని నిషేధించి, దానికి బదులు ఏమి రాయాలో సందేశంగా చెప్పే ఏర్పాటు రఫ్‌లోనూ, ఈఎస్‌లింట్‌లోనూ ఉంది. పైన చెప్పుకొన్న పొట్టి పేరు చిక్కుకు సరైన మందు ఇదే. పైథాన్ రచనాశైలికి ప్రమాణమైన, 2001 నాటి పెప్ 8 సంపూర్ణ దారులనే సిఫారసు చేస్తూ, ప్యాకేజీ అమరిక జటిలమై పేర్లు మరీ పొడవైనప్పుడు చుక్కల దారులనూ అంగీకరిస్తుంది. ప్యాకేజీ మొత్తం పేరు మార్చవలసి వచ్చినప్పుడు లోపలి సాపేక్ష దారులు చెక్కుచెదరవని వాటి పక్షాన వాదించేవారి మాటలోనూ నిజం ఉంది. కాబట్టి రెండింటిలో ఏది గొప్ప అన్న వాదనను సాగదీయడం కంటే, ప్రాజెక్టుకు తగినది ఒకటి ఎన్నుకొని, ఎందుకు ఎన్నుకొన్నారో రెండు వాక్యాలలో రాసిపెట్టి, ఆపైన అందరూ దానికే కట్టుబడటం మేలు. గో భాష ఈ ఎంపికను ప్రోగ్రామర్‌కు వదలనేలేదు. దాని మాడ్యూల్ పద్ధతిలో సాపేక్ష ఇంపోర్టులకు చోటు లేదు, రెండు ప్యాకేజీలు ఒకదానినొకటి ఇంపోర్ట్ చేసుకొంటే కంపైలరే నిరాకరిస్తుంది. మిగిలిన భాషలలో ఆ క్రమశిక్షణను బృందమే లింటర్ ద్వారా ఏర్పరచుకోవాలి.

ఏళ్ల తరబడి పెరిగిన పాత కోడ్‌లో ఈ నియమాన్ని ప్రవేశపెట్టేటప్పుడు ఒక క్రమం పాటించాలి. మొదట నియమాన్ని హెచ్చరిక స్థాయిలో ఉంచి ఎక్కడెక్కడ ఉల్లంఘనలు ఉన్నాయో తెలుసుకోవాలి. తరువాత లింటర్ చేతనే దారులను సరిదిద్దించి, ఆ మార్పును మరే ఇతర మార్పుతోనూ కలపకుండా ఒక్కటిగా నమోదు చేయాలి. అలా చేస్తే చదివేవారికి అందులో వెతకవలసినదేమీ ఉండదు. ప్రతి వరుసనూ చివరిసారి ఎవరు ఎందుకు మార్చారో చూపే సదుపాయంలో ఈ మూకుమ్మడి మార్పు అసలు చరిత్రను కప్పివేయకుండా, దానిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే వీలు 2019 నుంచి, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనమైన గిట్‌లో ఉంది. ఆ పైన నియమాన్ని దోషం స్థాయికి పెంచి, కొత్త కోడ్ ప్రధాన శాఖలో కలిసేముందు సర్వర్‌మీద తప్పనిసరిగా నడిచే తనిఖీలలో చేర్చాలి. హెచ్చరికగానే వదిలేసిన నియమం కొద్దికాలానికే ఎవరూ చదవని వరుసల గుట్టగా మిగులుతుంది.

లింటర్ పరిమితులనూ గుర్తెరగాలి. ఇంపోర్ట్ వాక్యంగా కాక మామూలు అక్షరాల వరుసగా, కొటేషన్ గుర్తుల మధ్య రాసిన మాడ్యూల్ పేర్లు ఈ నియమాల కంట పడవు. పరీక్షలలో అసలు మాడ్యూల్ స్థానంలో నకలును పెట్టేటప్పుడు దాని దారిని ఇలాగే రాస్తారు. అమరికల ఫైళ్లలోనూ ఇటువంటి పేర్లు ఉంటాయి. కాబట్టి దారులను మూకుమ్మడిగా సరిదిద్దిన తరువాత ఆ పేర్లను విడిగా వెతికి చూడటం, పరీక్షలన్నింటినీ నడపడం తప్పనిసరి. మాడ్యూళ్ల మధ్య సరిహద్దులు ఎక్కడ గీయాలో కూడా లింటర్ నిర్ణయించలేదు. తరచుగా మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక మాడ్యూల్ లోపలే దాచి ఉంచాలన్న సూత్రాన్ని డేవిడ్ పార్నాస్ 1972లోనే ప్రతిపాదించారు. ఆ విచక్షణ మనుషులదే. సరిహద్దు ఒకసారి గీసిన తరువాత దానిని ఎవరూ దాటకుండా చూడటంలో మాత్రం లింటర్ సాటిలేనిది. చెల్లింపుల విభాగం లోపలి ఫైళ్లను బయటివారు నేరుగా పిలవరాదన్న నియమం దారులు ఏకరూపంగా ఉన్నప్పుడే సులభంగా అమలవుతుంది. ఒకే ఫైలుకు మూడు పేర్లున్నచోట కాపలా కాయవలసిన ద్వారాలూ మూడవుతాయి.

ఈ క్రమశిక్షణ వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందేవారు బృందంలో కొత్తగా చేరినవారు. కళాశాల నుంచి నేరుగా ఉద్యోగంలోకి వచ్చిన యువతికో యువకుడికో, అలిఖితమైన అలవాట్లను పెద్దల మందలింపుల ద్వారా నేర్చుకోవడం కష్టంగానూ చిన్నతనంగానూ ఉంటుంది. అదే నియమాన్ని యంత్రం అందరికీ ఒకే తీరున, తప్పు జరిగిన క్షణంలోనే, సరైన రూపాన్ని సూచిస్తూ చెప్పినప్పుడు నేర్చుకోవడం తేలికవుతుంది. అందుచేత లింటర్ సందేశాన్ని రాసేవారు ఇది నిషిద్ధం అని ఊరుకోకుండా, బదులుగా ఏమి రాయాలో, ఎందుకు రాయాలో కూడా అందులోనే చెప్పాలి. ఒక మాడ్యూల్‌కు ఒకే పేరు, ఆ పేరుకు ఒకే దారి అన్న నిర్ణయం బృందం ఒక్కసారి కూర్చొని తీసుకోదగినది. దానిని రోజూ అమలు చేసే పనిని యంత్రానికి అప్పగించి, మనుషులు తమ ఆలోచనను కోడ్ చేయవలసిన అసలు పనిమీద నిలపడం వివేకం.